పట్టా భూమి 22-ఏ (రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా) లో పడింది, ఏ ఆఫీసుకెళ్లినా పక్క ఆఫీసు పేరే చెప్తున్నారు. ఏ దారిన వెళ్లాలి?

ఒంగోలు_గిత్త:

భూమి ఆంధ్రలోనే, మెట్ట. సర్వే నంబరు 214/2, విస్తీర్ణం 2 ఎకరాల 40 సెంట్లు. తాతగారు 1968లో కొన్న రిజిస్టర్డ్ దస్తావేజు, 1991 నాటి భాగపరిష్కార దస్తావేజు, పట్టాదారు పాస్ పుస్తకం, 1-బి, అడంగల్ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు నాన్నగారి పేరు మీద నడుస్తోంది. ఈసీ (భూమి మీద లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) శుభ్రంగా ఉంది.

చెల్లెలికి ఒక ఎకరం గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాయాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 214 నంబరు మొత్తం నిషేధిత జాబితాలో ఉందని నోటిమాటగా చెప్పి కాగితాలు వెనక్కిచ్చారు. తహసీల్దార్ ఆఫీసులో అడిగితే జాబితా కలెక్టరేట్ నుంచి వెళ్లిందన్నారు. కలెక్టరేట్ సెక్షన్‌లో తహసీల్దార్ రిపోర్టు రావాలన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో మూడు అర్జీలు పెట్టాం. మూడూ "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చి మూసేశారు. ఆ పరిష్కారం ఏమిటా అని చూస్తే, "తహసీల్దార్‌ను సంప్రదించగలరు". 14 నెలలు అయింది.

అడిగేవి మూడు. అసలు ఎవరికి అర్జీ పెడితే చట్టప్రకారం లెక్కలోకి వస్తుంది? ఏ కాగితాలు జతచేయాలి? నేరుగా హైకోర్టుకు వెళ్లడం మంచిదా?

---

దస్తావేజు_లేఖరి:

ముందు ఒక మాట అండి. మీ చేతిలో ఇప్పటిదాకా తిరస్కరణ కాగితం ఒక్కటీ లేదు. 14 నెలలు తిరిగినా రికార్డు ప్రకారం మీకు ఎవరూ "కాదు" అనలేదు. కాదనకపోతే అప్పీలు లేదు, కోర్టులో చూపించడానికీ ఏమీ ఉండదు. కౌంటర్ దగ్గర నోటిమాటగా పంపించేయడంలో ఉన్న సౌకర్యం అదే.

రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 71 ప్రకారం సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు రిజిస్టర్ చేయనంటే ఆ ఉత్తర్వు రాయాలి, కారణాలు 2వ నంబరు పుస్తకంలో నమోదు చేయాలి, దస్తావేజు మీద "రిజిస్ట్రేషన్ తిరస్కరించబడింది" అని ఎండార్స్ చేయాలి. మీరు అడిగితే ఆ కారణాల నకలు ఫీజు లేకుండా ఇవ్వాలి. ఆ ఉత్తర్వు మీద జిల్లా రిజిస్ట్రార్‌కు సెక్షన్ 72 కింద 30 రోజుల్లో అప్పీలు ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఆన్‌లైన్‌లో సర్వే నంబరు కొట్టగానే ఆగిపోతుంది, కాబట్టి దస్తావేజు టేబుల్ దాకా వెళ్లదు. అలాంటప్పుడు దస్తావేజు జిరాక్సు జతచేసి, "దీన్ని స్వీకరించండి, లేదా సెక్షన్ 71 ప్రకారం కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి" అని ఒక పేజీ ఉత్తరం ముట్టినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. చేతికిస్తే మీ నకలు మీద రౌండ్ సీలు, తేదీ వేయించుకోకుండా కదలొద్దు.

దస్తావేజు మీద సంతకాలు ఎప్పుడు చేశారన్నది కూడా చూసుకోండి. సంతకం చేసిన తేదీ నుంచి 4 నెలల్లో ప్రెజెంట్ చేయాలి. అది దాటితే ఇంకో 4 నెలల వరకు జరిమానాతో అనుమతించవచ్చు, ఆ జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పదింతల దాకా పోవచ్చు. అందుకని 22-ఏ తేలేలోపు స్టాంప్ డ్యూటీ కట్టొద్దు. కట్టేసి ఉంటే వాపసుకు సాధారణంగా 6 నెలల గడువు, రూపాయికి 10 పైసలు కోత.

ఇంకొకటి, ఎకరానికి ఇంత అని తీసుకుని "22-ఏ తీయిస్తాం" అనేవాళ్లు ప్రతి రిజిస్ట్రార్ ఆఫీసు బయటా టీ బంకు దగ్గర ఉంటారు. పక్క సర్వే నంబరు వేసి రిజిస్టర్ చేయిస్తామని కూడా చెప్తారు. అలా చేస్తే ఇప్పుడున్న శుభ్రమైన టైటిల్ కూడా పాడవుతుంది.

---

రిటైర్డ్_డీటీ:

అసలు రోగం ఎక్కడుందో చూద్దాం. సెక్షన్ 22-ఏ ఇప్పుడున్న రూపంలో 2007 సవరణతో వచ్చింది. ఉపసెక్షన్ 1లో ఐదు క్లాజులున్నాయి. (ఎ) ఏదో ఒక చట్టం బదిలీని నిషేధించిన భూములు, ముఖ్యంగా 1977 చట్టం కిందకొచ్చే అసైన్డ్ భూములు. (బి) కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత భూములు. (సి) దేవాదాయ, వక్ఫ్ భూములు. (డి) సీలింగ్ మిగులు భూములు. (ఇ) ప్రభుత్వం ప్రత్యేకంగా గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చి నిషేధించినవి.

మీ 214 ఏ క్లాజులో ఉందో తెలియకుండా అర్జీ రాస్తే అది తప్పు తలుపు తట్టడమే. (ఎ), (బి) అయితే కలెక్టర్. (సి) అయితే దేవాదాయ శాఖ లేదా వక్ఫ్ బోర్డు, అక్కడ కలెక్టర్ అర్జీ పుచ్చుకున్నా చివరికి వాళ్లకే పంపుతారు. (ఇ) అయితే ప్రభుత్వం వేసిన కమిటీ.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అంచనా ఇది. 214 పాత నంబరులో ఒక ముక్క వాగు పోరంబోకో, ఏడబ్ల్యూడీయో (సాగులో లేని ప్రభుత్వ మెట్ట భూమి) అయి ఉంటుంది. జాబితా తయారుచేసినప్పుడు సబ్ డివిజన్ చూడకుండా మొత్తం నంబరు ఎక్కించేశారు. గడువులోపు జాబితా పంపమని పైనుంచి ఒత్తిడి, కింద టైపు చేసేవాళ్ల దగ్గర సబ్ డివిజన్ల వివరం ఉండదు. అలా పడిపోయిన పట్టా భూములు మండలానికి కొన్ని ఉంటాయి.

దీన్ని తేల్చేది ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. మా తరం డైగ్లాట్ అనేది. అందులో 214/2 ఎదురుగా పట్టాదారు పేరు ఉంటే మీ కేసు సగం గెలిచినట్టే. పేరు బదులు చుక్కలుంటే అది చుక్కల భూమి, దానికి 2017లో వేరే చట్టం వచ్చింది, దారి వేరు. "ప్రభుత్వ" అని ఉంటే తాతగారికి అమ్మినవాళ్లకు హక్కు ఎలా వచ్చిందో చూపించాలి. ఒకవేళ అది అసైన్‌మెంటే అయినా, ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 కంటే ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదనే షరతు ఉండేది కాదు. అప్పుడు అసైన్‌మెంట్ తేదీయే ప్రాణం.

జతచేయాల్సినవి: ఆర్‌ఎస్‌ఆర్ ఎక్స్‌ట్రాక్ట్, 10(1) అకౌంట్ (గ్రామ పట్టాదారుల లెక్క) నకలు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), 1968, 1991 దస్తావేజుల సర్టిఫైడ్ నకళ్లు, దొరికినంత వెనక్కి ఈసీ, దొరికినన్ని సంవత్సరాల పాత అడంగళ్లు, ఇప్పటి 1-బి. పాస్ పుస్తకం పెట్టండి గానీ దాని మీదే ఆధారపడొద్దు. పాస్ పుస్తకం ఒకటే చూపిస్తే తప్పుగా ఇచ్చారని ఒక్క వాక్యంలో కొట్టేస్తారు.

ఊళ్లో రీసర్వే అయిందా? అయితే ఇప్పుడు మీకు ఎల్‌పీఎం అనే కొత్త నంబరు ఉంటుంది. జాబితాలో మాత్రం పాత 214 ఉండొచ్చు. పాత నంబరుకీ కొత్త నంబరుకీ సంబంధం చూపే కోరిలేషన్ కాగితం లేకపోతే ఫైలు అక్కడే కూర్చుంటుంది.

---

ఒంగోలు_గిత్త:

ధన్యవాదాలు అండి. రీసర్వే ఇంకా కాలేదు. మీ అంచనా నిజమే అనుకుంటా, ఎఫ్‌ఎంబీలో 214 పడమర అంచున వాగు గీత ఉంది. కానీ ఆర్‌ఎస్‌ఆర్ అడిగితే "పేజీలు చిరిగిపోయాయి, దొరకదు" అంటున్నారు. ఇదీ నోటిమాటే.

---

పది_రూపాయల_స్టాంపు:

నోటిమాటను కాగితం చేయడానికే సమాచార హక్కు చట్టం ఉంది.

అర్జీలో "ఎందుకు" అనే మాట రాయకండి. "మా భూమిని ఎందుకు చేర్చారు" అంటే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు, అలా పంపడం వాళ్లకు సులువు కూడా. కాగితాలు అడగండి, పేరుపెట్టి అడగండి. సర్వే నంబరు 214ను నిషేధిత జాబితాలో చేరుస్తూ పంపిన ఉత్తరం నంబరు, తేదీ, నకలు. జాబితాలో ఆ నంబరున్న పేజీ, క్లాజు కనపడేలా. 214/1, 214/2లకు ఆర్‌ఎస్‌ఆర్ పేజీ నకలు. అసైన్‌మెంట్ రిజిస్టర్‌లో 214 నమోదు ఉంటే దాని నకలు, లేకపోతే లేదని రాతపూర్వకంగా. మీ మూడు గ్రీవెన్స్ అర్జీల మీద నోట్ ఫైలు, ఏ తేదీన ఎవరి దగ్గరకు వెళ్లిందో సహా. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, నిజానికి కోర్టులో ఎక్కువ పనికొచ్చేది అదే.

ఫీజు ఆంధ్రలో గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కోర్టు ఫీ స్టాంపు అతికించవచ్చు. ఏ4 పేజీకి 2 రూపాయలు. జవాబుకు 30 రోజులు. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదే ఆఫీసులో పై అధికారికి. దానికి 30 రోజులు, కారణం రాస్తే 45. ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. జరిమానా రోజుకు 250, గరిష్ఠం 25,000 అని చట్టంలో ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి. కమిషన్ దాకా వెళ్తే కాలం మీ చేతిలో ఉండదు. మీకు కావలసింది మొదటి జవాబు.

"చిరిగిపోయింది" విషయానికొస్తే, రికార్డు లభ్యం కాదని జవాబు వస్తే దాచుకోండి, అదీ సాక్ష్యమే. ఆర్‌ఎస్‌ఆర్ తహసీల్దార్ దగ్గర ఒక్కచోటే ఉండే పుస్తకం కాదు. అదే అర్జీ కలెక్టరేట్ రికార్డు రూమ్‌కు, జిల్లా సర్వే ఆఫీసుకు వేర్వేరుగా పెట్టండి. ఇలా వచ్చిన నకలు ఏం ఉందో తెలుసుకోవడానికి చాలు. కోర్టులో వేసేటప్పుడు అదే పేజీకి కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ నకలు తీసుకోండి.

---

నేలపాడు_అడ్వొకేట్:

పైన ఎవరూ ప్రస్తావించని తీర్పు ఒకటుంది, మీకు అదే ఆయుధం. వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015 డిసెంబరు 23న ఇచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ 22-ఏ గొడవలన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

అందులో మీకు పనికొచ్చేవి చెప్తాను. జాబితా పంపే అధికారి ప్రతి భూమికీ ఏ క్లాజు కిందో రాయాలి. (ఎ) అయితే ఏ చట్టం నిషేధించిందో, (బి) అయితే ఏ ప్రభుత్వానిదో కూడా రాయాలి. (ఇ) భూములకు గెజిట్ నోటిఫికేషన్ తప్పనిసరి, మిగతా నాలుగింటికీ అక్కర్లేదు. ఏ జాబితా ఆధారంగా రిజిస్ట్రేషన్ తిరస్కరించారో దాని ఎక్స్‌ట్రాక్ట్ అడిగితే సబ్ రిజిస్ట్రార్ 10 రోజుల్లో ఇవ్వాలి. (ఎ) నుంచి (డి) వరకు తొలగింపు అర్జీ పెడితే సంబంధిత అధికారి 6 వారాల్లో ఉత్తర్వు ఇచ్చి, నకలు మీకు పంపాలి. పంపాల్సిన అధికారి కాకుండా ఇంకెవరో నేరుగా సబ్ రిజిస్ట్రార్‌కు పంపిన జాబితాను పట్టుకుని తిరస్కరించకూడదు. ఇది మాత్రం చాలా చోట్ల జరుగుతూనే ఉంటుంది. తహసీల్దార్ రాసిన లెటరు ఒకటి ఫైల్లో ఉంటుంది, అంతే.

గ్రీవెన్స్ అర్జీ ఈ 6 వారాల లెక్కలోకి వస్తుందని వాదించవచ్చు గానీ, బలహీనం. "సెక్షన్ 22-ఏ జాబితా నుంచి తొలగింపు కోసం దరఖాస్తు" అని శీర్షిక పెట్టి, క్లాజు రాసి, ఫుల్ బెంచ్ తీర్పు పేరు రాసి, కలెక్టర్ పేర స్పీడ్ పోస్టులో పంపండి. ముట్టిన తేదీ నుంచి 6 వారాలు లెక్కపెట్టండి.

అవి దాటాక హైకోర్టులో రిట్. అయితే ఆ రిట్‌లో ఏం కోరుతున్నారన్నది ముఖ్యం. "మా అర్జీని పరిశీలించమని ఆదేశించండి" అని కోరితే మొదటి వాయిదాలోనే "ఇన్ని వారాల్లో పరిశీలించి ఉత్తర్వులివ్వండి" అని ముగుస్తుంది. గెలిచామనుకుంటారు. తర్వాత వాళ్లు పరిశీలిస్తారు, తిరస్కరిస్తారు. పరిశీలించమనే కదా కోర్టు చెప్పింది, కాబట్టి కోర్టు ధిక్కరణ ఉండదు. మళ్లీ కొత్త రిట్. అందుకని 214/2ను చేర్చడం చట్టవిరుద్ధమని ప్రకటించమని, జాబితాను పట్టించుకోకుండా దస్తావేజు స్వీకరించమని కోరాలి. పరిశీలన అనేది ప్రత్యామ్నాయంగా మాత్రమే ఉండాలి.

గడువు విధించి ఇచ్చిన ఉత్తర్వును అసలు పట్టించుకోకపోతే ధిక్కరణ వేయవచ్చు, ఉల్లంఘన తేదీ నుంచి ఏడాది లోపు.

---

రిటైర్డ్_డీటీ:

అడ్వొకేట్ గారి మాటకు ఒక్క సవరణ. 6 వారాలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో కూర్చుంటే కలెక్టరేట్ నుంచి "రిపోర్టు పంపండి" అన్న మెమో మండలానికి వస్తుంది, అక్కడే ఆగుతుంది. రిపోర్టు లేకుండా కోర్టుకెళ్తే ప్రభుత్వ ప్లీడరు "వాగు పోరంబోకు ఉంది, హద్దులు తేలలేదు" అని కౌంటర్ వేస్తారు. హద్దులో, హక్కులో వివాదం అని తేలితే రిట్‌లో తేల్చలేమని సివిల్ కోర్టుకు పొమ్మంటారు. సివిల్ దావా అంటే ముందు ప్రభుత్వానికి సెక్షన్ 80 నోటీసు, 2 నెలలు ఆగడం, తర్వాత ఏళ్లు.

కాబట్టి హద్దు సంగతి ముందే తేల్చండి. ఎఫ్-లైన్ (హద్దుల కొలత) పిటిషన్ పెట్టి సర్వేయర్ చేత 214/1, 214/2 విడివిడిగా కొలిపించండి. స్కెచ్ మీద వాగు విస్తీర్ణం వేరుగా, మీ 2.40 వేరుగా పడాలి. రెండూ, మిగతా సబ్ డివిజన్లూ కలిపితే ఆర్‌ఎస్‌ఆర్‌లో ఉన్న 214 మొత్తం విస్తీర్ణంతో సరిపోవాలి. 5 సెంట్లు తేడా వచ్చినా ఫైలు "రీ సర్వేకు" అని వెనక్కొస్తుంది. చుట్టుపక్కల రైతులకు నోటీసులు అందినట్టు సంతకాలు ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

ఫైలు సాధారణంగా వెళ్లే దారి: వీఆర్వో, ఆర్‌ఐ విచారణ, సర్వేయర్ స్కెచ్, తహసీల్దార్ రిపోర్టు, ఆర్డీవో సిఫారసు, జాయింట్ కలెక్టర్, కలెక్టర్. ప్రతి మెట్టు దగ్గరా ఈ-ఆఫీస్ ఫైలు నంబరు అడిగి రాసుకోండి. ఎక్కువగా ఆగేది తహసీల్దార్ రిపోర్టులో "తొలగించవచ్చు" అన్న స్పష్టమైన వాక్యం లేకపోవడం వల్ల. "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని రాసి పంపుతారు. ఏ వైపూ బాధ్యత లేని వాక్యం అది. ఆర్డీవో ఆఫీసు "స్పష్టమైన రిమార్కులతో పంపండి" అని తిప్పికొడుతుంది, ఒక నెల పోతుంది.

---

నేలపాడు_అడ్వొకేట్:

ఒప్పుకుంటాను, స్కెచ్ ఉంటే రిట్ బలంగా ఉంటుంది. కానీ కొలత కోసం కలెక్టర్ దరఖాస్తు ఆపొద్దు. రెండూ ఒకే వారంలో పెట్టమనండి, సర్వేయర్ కూడా 6 వారాల్లో వస్తాడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

---

కరీంనగర్_పాలేరు:

తెలంగాణ వాళ్లు ఈ థ్రెడ్ చదివితే వాళ్ల కోసం రెండు ముక్కలు. ఫుల్ బెంచ్ తీర్పు ఇక్కడా చెల్లుతది, దారి మాత్రం వేరు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినంక నిషేధిత జాబితా మీద అర్జీ ఆన్‌లైన్‌లో టీఎం-15 కింద పెట్టేది. ఇప్పుడు ధరణి పోయి భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంల లేని అప్పీళ్లు ఇందులో మళ్లొచ్చినయి. కాబట్టి తిరస్కరణ ఉత్తర్వు వస్తే నేరుగా హైకోర్టుకు ఉరకకండి, "ముందు అప్పీలు చేసుకోరాదా" అంటరు. ఇక్కడి రికార్డుల పేర్లు కూడా వేరు, ఆర్‌ఎస్‌ఆర్ బదులు సేత్వార్, ఖాస్రా పహాణీ, టిప్పన్ అడుగుండ్రి.

---

ఒంగోలు_గిత్త:

కలెక్టర్ దరఖాస్తు, ఎఫ్-లైన్, సమాచార హక్కు అర్జీలు, సబ్ రిజిస్ట్రార్‌కు సెక్షన్ 71 ఉత్తరం, నాలుగూ ఈ వారమే పెడతాం. ఒక సందేహం. క్లాజు ఇంకా తెలియదు కదా, కలెక్టర్ దరఖాస్తులో ఏమని రాయాలి? ఉత్తర్వు వచ్చాక సైట్‌లో దానంతట అదే పోతుందా?

---

దస్తావేజు_లేఖరి:

మొదటిదానికి, క్లాజు కోసం 10 రోజుల ఎక్స్‌ట్రాక్ట్ అర్జీ వేరుగా సబ్ రిజిస్ట్రార్‌కు ఇవ్వండి, అందులో ఫుల్ బెంచ్ తీర్పు పేరు రాయండి. ఈలోపు రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ సైట్‌లో నిషేధిత ఆస్తుల పేజీలో గ్రామం, 214 కొట్టి చూడండి, చాలా గ్రామాలకు క్లాజు అక్కడే కనిపిస్తుంది. తేదీ కనపడేలా ప్రింటు తీసుకోండి, తర్వాత జాబితా మారితే ఆ ప్రింటే ఆధారం.

రెండోది, పోదు. కలెక్టర్ ప్రొసీడింగ్స్‌లో "214/2 విస్తీర్ణం 2.40" అని సబ్ డివిజన్‌తో సహా రాశారో లేదో ఇంటికి తెచ్చుకోకముందే చదవండి. ఉత్త "214" అని రాస్తే వాగుతో కలిపి తొలగించినట్టవుతుంది, అది చూసి రిజిస్ట్రేషన్ వాళ్లు మళ్లీ ఆపుతారు. నకలు జిల్లా రిజిస్ట్రార్‌కు ఒకటి, సబ్ రిజిస్ట్రార్‌కు ఒకటి ఇచ్చి సీలు వేయించుకోండి. వారం తర్వాత సైట్‌లో 214/2 కొట్టి చూడండి. ఇంకా ఉంటే జిల్లా రిజిస్ట్రార్‌కే రాతపూర్వకంగా గుర్తుచేయండి, మండలానికి మళ్లీ వెళ్లొద్దు. అది పోయినట్టు కనపడ్డాకే స్టాంప్ డ్యూటీ చలానా తీయండి.